ఇంటికి ఇంటర్‌నెట్: ఏ దారిన తెచ్చుకొందాము?

కుటుంబ పాఠము
చదువవలసిన వాక్యభాగములు: లూకా 14:28-30, సామెతలు 27:23-24



మన సంఘ కుటుంబములు షోలాపూరు మగ్గాల పేటలలో, కోలారు బంగారు గనుల పాత లైను ఇండ్లలో, చెన్నై ఇరుకు వీధులలో, బరంపురం, రాయగడ పట్టణములలో, గోదావరి ఒడ్డున యానాములో రెండు మూడు తరములుగా స్థిరపడియున్నవి. ఇంటిలో మాట్లాడేది తెలుగు. పిల్లలు బడిలో చదివేది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. తాతమ్మకు తమ్ముడు నెల్లూరులో ఉంటాడు, పిన్ని పిల్లలు కాకినాడలో ఉంటారు. ఇట్టి కుటుంబమునకు ఇంటర్‌నెట్ వినోదము కొరకు మాత్రమే కాదు. బంధువులతో మాట, పిల్లల చదువు, పెద్దల పెన్షను పని, ఉద్యోగపు దరఖాస్తు అన్నీ ఇప్పుడు దాని మీదనే నడుచుచున్నవి.

2020 మార్చి చివర దేశమంతట లాక్‌డౌను వచ్చి బడులు మూతపడినప్పుడు ఇది అందరికీ తెలిసివచ్చినది. పాఠములు ఫోనులోనికి వచ్చినవి. అయితే ఎన్నో ఇండ్లలో ఫోను ఒక్కటే, పిల్లలు ముగ్గురు. రోజుకు ఇచ్చే డేటా ఒకరి క్లాసుకే సరిపోయేది. అప్పుడు ఎవరి క్లాసు సాగినది, ఎవరి క్లాసు ఆగినది? సాధారణముగా ఆగినది ఆడపిల్లది, లేదా చిన్నవానిది. ఇంటిలో చాలినంత కనెక్షను లేనప్పుడు ఆ లోటు ఇంటిలో బలహీనుల మీదనే పడునని మనము కన్నులారా చూచితిమి.

గనుక ఈ పాఠములో బ్రాడ్‌బ్యాండ్ అనగా ఏమి, అది ఇంటికి ఏయే దారులలో వచ్చును, ఏ ఇంటికి ఏది తగినది, ఖర్చు ఎట్లు లెక్కించుకొనవలెను అను సంగతులను క్రమముగా నేర్చుకొందము. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు నేర్పిన మాట ఇంటి ఖర్చుకు కూడ చెల్లును. దుకాణదారుడు చెప్పినది విని సంతకము పెట్టుట సులువు. లెక్క చూచుకొని పెట్టుట వివేకము.

1. బ్రాడ్‌బ్యాండ్ అనగా ఏమి?

మన దేశములో ప్రజలకు ఇంటర్‌నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమైనది. అప్పుడు కంప్యూటరు ఫోను తీగ మీద నంబరు తిప్పి కలిసేది. ఇంటర్‌నెట్ నడుచునంతసేపు ఆ ఇంటికి ఫోను చేసినవారికి ఎంగేజి శబ్దమే వినబడేది. ఒక ఫొటో తెరపై పైనుండి క్రిందికి మెల్లగా దిగుచుండగా కాఫీ త్రాగి రావచ్చును.

2004లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానమును ప్రకటించి, ఎల్లప్పుడు ఆన్‌లో ఉండి కనీసము 256 కె.బి.పి.ఎస్. వేగము ఇచ్చునదే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్ణయించినది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. తన బ్రాడ్‌బ్యాండ్ సేవను ఆరంభించినది. 2023 జనవరిలో ఈ కనీస వేగమును 2 ఎం.బి.పి.ఎస్.కు పెంచిరి. అనగా 2004 నాటి కొలతకు ఇది సుమారు 8 రెట్లు. బ్రాడ్‌బ్యాండ్ అను మాటలో ముఖ్యమైనవి రెండు: ఎప్పుడును కలిసియుండుట, తగిన వేగము ఉండుట.

2. మూడు కొలతలు

కనెక్షను అమ్మువారు వేగము ఒక్కటే చెప్పుదురు. మనము మూడు కొలతలు అడుగవలెను. మునిసిపాలిటీ కుళాయితో పోల్చి చూచిన ఇవి సులువుగా అర్థమగును.

మొదటిది వేగము. ఇది గొట్టము వెడల్పు వంటిది. దీనిని ఎం.బి.పి.ఎస్. అను కొలతతో చెప్పుదురు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వేగమును బిట్లలో చెప్పుదురు. ఫైలు పరిమాణమును బైట్లలో చెప్పుదురు. 8 బిట్లు కలిసి ఒక బైటు. గనుక 100 ఎం.బి.పి.ఎస్. కనెక్షనులో సెకనుకు వచ్చేది 100 మెగాబైట్లు కాదు, 12.5 మెగాబైట్లు మాత్రమే. 700 మెగాబైట్ల వీడియో దిగుటకు ఎంత తొందరగా అనుకొన్నను సుమారు ఒక నిమిషము పట్టును. ఇది తెలియనివారు కంపెనీ మోసగించినదని తగవులాడుదురు.

వేగములో కూడ రెండు దిక్కులు ఉన్నవి. మన ఇంటికి వచ్చునది డౌన్‌లోడు, మన ఇంటి నుండి వెళ్లునది అప్‌లోడు. వాక్యము వినుటకు డౌన్‌లోడు చాలును. అయితే బిడ్డ తన ముఖము టీచరుకు చూపవలెనన్నను, సంఘ ఆరాధన ఇతరులకు ప్రసారము చేయవలెనన్నను అప్‌లోడు కావలెను.

రెండవది పరిమితి. ఇది ట్యాంకులోని నీరు వంటిది. నెలకు ఇన్ని జి.బి. అని ఉండును. "అన్‌లిమిటెడ్" అని పెద్ద అక్షరములతో వ్రాసినను, చిన్న అక్షరములలో ఒక హద్దు ఉండును. ఆ హద్దు దాటిన తరువాత వేగము బాగుగా తగ్గించెదరు. ఆ హద్దు ఎంత, దాటిన తరువాత వేగము ఎంత అని రెండును అడుగవలెను.

మూడవది ఆలస్యము. కుళాయి త్రిప్పిన తరువాత నీరు రావడానికి పట్టే సమయము వంటిది. వేగము ఎంత ఉన్నను ఆలస్యము ఎక్కువైతే వీడియో సంభాషణలో ఒకరి మాట మీద ఒకరి మాట పడును. తీగ కనెక్షనులలో ఇది స్వల్పము.

మరి ఏ పనికి ఎంత వేగము కావలెను? మాటల కాల్‌కు 0.1 ఎం.బి.పి.ఎస్. చాలును. వీడియో క్లాసుకు 1 నుండి 3 వరకు, స్పష్టమైన సినిమాకు 5, అతి స్పష్టమైన పెద్ద టీవీకి 15 పైగా కావలెను. ఇద్దరు పిల్లలు క్లాసులో, నాన్నగారు టీవీ ముందు, అమ్మమ్మ వీడియో కాల్‌లో ఒకే వేళ ఉన్నారనుకొందము: 3, 3, 5, 3 కలిపిన 14. కొంచెము వెసులుబాటు చేర్చి 30 ఎం.బి.పి.ఎస్. తీసికొనిన ఇట్టి ఇంటికి సరిపోవును. 300 ఎం.బి.పి.ఎస్. తీసికొనుడని బలవంతము చేయువాడు తన కమీషను చూచుకొనుచున్నాడు గాని మన అవసరము చూచుట లేదు.

3. ఇంటికి వచ్చు దారులు

(అ) పాత ఫోను తీగ. ఇది రాగి తీగ. మాట ఒక ప్రక్క, ఇంటర్‌నెట్ ఒక ప్రక్క ఒకే తీగ మీద నడుచును. వాటిని విడదీయుటకు స్ప్లిటరు అను చిన్న డబ్బా ఉండును. ఎక్స్ఛేంజి దగ్గర ఉన్న ఇంటికి వేగము బాగుండును. దూరము పెరిగిన కొలది వేగము పడిపోవును. మూడు నాలుగు కిలోమీటర్లు దాటిన తరువాత బాగుగా తగ్గును. అప్‌లోడు ఎప్పుడును తక్కువే. వర్షము నీరు కీళ్లలోనికి దిగిన గరగర శబ్దము, కనెక్షను తెగిపోవుట మామూలు. ఇప్పుడు క్రొత్తగా తీసికొనువారు దీనిని ఎంచుకొనవలసిన పని లేదు. ఇప్పటికే ఉన్నవారు అదే నంబరు మీద ఫైబరుకు మార్చుదురేమో అడుగవచ్చును.

(ఆ) టీవీ కేబులు తీగ. కేబులు టీవీ వచ్చు లావుపాటి నల్ల తీగ మీదనే ఇంటర్‌నెట్ ఇచ్చుట. ముంబయి వంటి నగరములలో ఇది ఎక్కువగా వ్యాపించినది. దీనిలో ఒక వీధి ఇండ్లన్నియు ఒకే వెడల్పును పంచుకొనును. గనుక పగలు చక్కగా ఉండి, రాత్రి 8 నుండి 10 వరకు అందరు చూచు వేళ నెమ్మదించును. సాయంత్రపు నీళ్ల వేళ వీధి చివరి ఇంటికి సన్నగా వచ్చునట్లే ఇదియు.

(ఇ) ఫైబరు. వెంట్రుక అంత సన్నని గాజు పోగు గుండా వెలుగు రూపములో సమాచారము వచ్చును. ఇప్పుడు దొరుకువాటిలో ఇంటికి మేలైనది ఇదే. బి.ఎస్.ఎన్.ఎల్. భారత్ ఫైబర్, 2019 సెప్టెంబరు 5న వాణిజ్యముగా మొదలైన జియో ఫైబర్, ఎయిర్‌టెల్, ఇంకను పట్టణములలోని స్థానిక ఆపరేటర్లు ఈ దారిన ఇచ్చుచున్నారు. కేంద్రము నుండి వచ్చు ఒక పోగును దారిలో చిన్న గాజు పరికరముతో 32 లేక 64 ఇండ్లకు చీల్చుదురు. ఆ ఒక్క పోగు మోయు వేగము సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు గనుక పంచుకొన్నను ఇబ్బంది తక్కువ. దూరము వలన వేగము తగ్గదు. గాజు విద్యుత్తును మోయదు గనుక పిడుగు ప్రభావము ఆ దారిన ఇంటిలోనికి వచ్చు భయము తక్కువ.

దీనికి లోటులు కూడ ఉన్నవి. పాత రాగి ఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుండే కరెంటు వచ్చేది. ఇంటిలో కరెంటు పోయినను ఫోను మ్రోగేది. ఫైబరులో అట్లు కాదు. ఇంటి కరెంటు పోయిన వెంటనే పెట్టె ఆరిపోవును, దానితో ఫోను కూడ పోవును. రౌటరు కొరకు చిన్న యు.పి.ఎస్. అమ్ముచున్నారు, కోతలు ఎక్కువగా ఉన్న ఊరిలో అది అవసరము. ఇంకొకటి, తీగలు స్తంభముల మీద వ్రేలాడుచున్న చోట తుఫానుకు తెగును. 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను చెన్నైను తాకినప్పుడు చెట్లు, స్తంభములు కూలి తీగలు ఎట్లు తెగినవో అక్కడి సంఘస్థులు ఎరుగుదురు.

(ఈ) స్థానిక ఆపరేటరు నెట్ తీగ. భవనము వరకు ఫైబరు తెచ్చి, అక్కడి నుండి ఇంటికి నీలి రంగు నెట్ కేబులు లాగుట. ఆ కేబులు 100 మీటర్లకు మించి పనిచేయదు. చాళ్లలో, అపార్టుమెంట్లలో ఇది చౌక. మేడ మీది పెట్టెకు కరెంటు లేకపోతే మన ఇంటిలో కరెంటు ఉన్నను నెట్ రాదు. ఆపరేటరు మనిషి దగ్గరలోనే ఉండును గనుక పిలిచిన వెంటనే వచ్చుట దీని లాభము. అతనికి లైసెన్సు ఉన్న కంపెనీతో ఒప్పందము ఉన్నదో లేదో చూచుకొనుట మన పని.

(ఉ) గాలి ద్వారా 5జి. మన దేశములో 5జి సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమైనవి. 2023లో ఎయిర్‌టెల్, జియో సంస్థలు ఎయిర్‌ఫైబర్ అను పేరుతో ఇంటి కనెక్షనులు ఇచ్చుట మొదలుపెట్టినవి. పేరులో ఫైబరు ఉన్నను ఇంటికి ఫైబరు రాదు. టవరు నుండి వచ్చు తరంగములను మేడ మీది లేక కిటికీ వద్ద ఉన్న పెట్టె పట్టుకొని, లోపలి రౌటరుకు ఇచ్చును. తీగ లాగుటకు వీలులేని పాత వీధులకు, గోడ తొలువ వద్దనే యజమాని ఉన్న అద్దె ఇండ్లకు ఇది అనుకూలము. అయితే టవరు దూరమైనను, మధ్య పెద్ద భవనము లేచినను వేగము తగ్గును. తీసికొనుటకు ముందు మీ మేడ మీదనే వేగము పరీక్షించి చూపుమని అడగండి.

(ఊ) ఫోను హాట్‌స్పాట్. ఒకరు ఇద్దరు ఉన్న ఇంటికి ఇది చాలును. కాని వీడియో క్లాసుకు గంటకు సుమారు 1 జి.బి. ఖర్చగును. రోజుకు 1.5 జి.బి. ఇచ్చు రీచార్జి గంటన్నరలో అయిపోవును. పైగా ఫోను నాన్నగారితో పనికి వెళ్లినప్పుడు ఇంటర్‌నెట్ కూడ ఆయనతోనే వెళ్లును.

(ఋ) ఉపగ్రహము. కొండ ప్రాంతములలో ఏ తీగయు, టవరును లేని చోటుల కొరకు ఇది. పాత పద్ధతి ఉపగ్రహములు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండును. మన ప్రశ్న పైకి వెళ్లి క్రిందికి రావలెను, జవాబు మరల పైకి వెళ్లి క్రిందికి రావలెను. అంతా కలిపి 1,44,000 కిలోమీటర్లు. వెలుగు వేగమున పోయినను దాదాపు అర సెకను పట్టును. అందుకే మాటల మధ్య ఎడము వచ్చును. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగు క్రొత్త ఉపగ్రహములకు ఈ బాధ తక్కువ. అట్టి సేవ ఇచ్చు స్టార్‌లింక్ సంస్థకు 2025 జూన్‌లో మన ప్రభుత్వము లైసెన్సు ఇచ్చినది. పట్టణములో ఫైబరు ఉన్నవారికి దీనితో పని లేదు.

4. ఖర్చు లెక్క

క్రింది అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఇంటి అంకెలు వేసికొని మరల చేయండి.

నెలకు 500 రూపాయల ప్లాను అనుకొందము. దానిపై జి.ఎస్.టి. 18 శాతము, అనగా 90. మొత్తము 590. సంవత్సరమునకు 7,080.

ఇప్పుడు ఫోనుల సంగతి. 28 రోజుల రీచార్జి అనగా నెల కాదు. సంవత్సరమునకు 12 సార్లు కాదు, 13 సార్లు వేయవలెను. ఒక్కొక్కటి 300 అయినయెడల ఒక ఫోనుకు ఏడాదికి 3,900. మూడు ఫోనులకు 11,700.

బ్రాడ్‌బ్యాండ్ తీసికొనిన తరువాత ఇంటిలోనే ఉండువారి ఫోనులకు డేటా అక్కరలేదు. డేటా లేకుండ మాటలు, ఎస్.ఎం.ఎస్.లు మాత్రమే ఉన్న రీచార్జిలు విడిగా అమ్మవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చినది. అట్టి దానికి ఏడాదికి సుమారు 2,000 అనుకొందము. అప్పుడు లెక్క: బ్రాడ్‌బ్యాండ్ 7,080, బయట తిరుగు ఒకరి ఫోను 3,900, ఇంటి ఫోనులు రెండు 4,000. మొత్తము 14,980. మునుపటి కంటె 3,280 ఎక్కువ.

ఐదు ఫోనులు ఉన్న ఉమ్మడి కుటుంబమైతే? మునుపు 19,500. ఇప్పుడు 7,080, 3,900, నాలుగు ఇంటి ఫోనులకు 8,000 కలిపి 18,980. అనగా 520 తక్కువే.

దీని నుండి రెండు సంగతులు తెలియును. ఒకటి, బ్రాడ్‌బ్యాండ్ తీసికొంటే డబ్బు మిగులునని అందరికీ చెప్పరాదు. చిన్న కుటుంబమునకు ఖర్చు పెరుగును. దానికి బదులుగా పిల్లలందరి క్లాసులు ఏక కాలములో నడుచును. ఆ మేలుకు నెలకు 275 రూపాయలు పెట్టగలమా అనునదే అసలు ప్రశ్న. రెండు, తీసికొన్న తరువాత పాత రీచార్జిలు అట్లే కొనసాగించినవారు రెండు వైపులా చెల్లించుచున్నారు.

ఇంకను దాగియున్న ఖర్చులు ఉండును: అమర్చుటకు రుసుము, రౌటరు ధర లేక డిపాజిటు, మూడు నెలల ముందు తరువాత పెరుగు ధర, ఏడాది సొమ్ము ముందుగా కట్టిన మధ్యలో తిరిగి రాకపోవుట. వారము కూలి మీద ఆధారపడు ఇల్లు ఏడాది సొమ్ము ముందుగా కట్టుటకు అప్పు చేయవద్దు. నెల నెల కట్టుట కొంచెము ఎక్కువైనను అదే క్షేమము.

5. సంతకమునకు ముందు అడుగవలసినవి

ఒకటి: మన వీధిలో ఈ కనెక్షను ఎవరి ఇంట ఉన్నది? వారిని రాత్రి 9 గంటలకు ఎట్లున్నదని అడగండి. ప్రకటన కంటె ప్రక్కింటివారి సాక్ష్యము గట్టిది.

రెండు: అప్‌లోడు వేగము ఎంత?

మూడు: హద్దు ఎన్ని జి.బి.? దాటిన తరువాత ఎంత వేగము?

నాలుగు: ఇల్లు మారితే కనెక్షను వెంట వచ్చునా? అద్దె ఇండ్లలో ఉండు మనవారికి ఇది ముఖ్యము. రౌటరు తిరిగి ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసికొనండి.

ఐదు: ఏ గుర్తింపు పత్రములు కావలెను? ఆధార్‌లో ఇంకను సొంత ఊరి చిరునామాయే ఉన్నయెడల, అద్దె ఒప్పందము వంటి స్థానిక రుజువు అంగీకరింతురేమో ముందే తెలిసికొనండి. కనెక్షను మీ పేరుననే ఉండవలెను. ఏజెంటు పేరున గాని, ఇంటి యజమాని పేరున గాని ఉండరాదు. గోడ తొలుచుటకు యజమాని అనుమతి కూడ ముందే పొందండి.

ఆరు: ఏ భాషలో మాట్లాడుదురు? పెద్ద సంస్థల సహాయ కేంద్రములలో తెలుగు ఎంచుకొనవచ్చును. ఇంటిలో స్థానిక భాష బాగుగా వచ్చినది పిల్లలకే గనుక అమర్చువాడు వచ్చినప్పుడు వారిని దగ్గర ఉంచుకొనండి.

యానాము వారికి ఒక ప్రత్యేక సూచన. యానాము పుదుచ్చేరి పాలనలో ఉన్నను టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిలులో ఉన్నది. ఎస్.టి.డి. కోడు కూడ కాకినాడదే, 0884. ఫారములో సర్కిలు అడిగినచోట తమిళనాడు అని వ్రాసిన దరఖాస్తు తప్పు చోటికి పోవును.

కనెక్షను చెడినప్పుడు ముందు సంస్థ ఫిర్యాదు కేంద్రమునకు చెప్పి డాకెట్ నంబరు తీసికొని తేదీతో వ్రాసి ఉంచండి. అక్కడ పరిష్కారము కానియెడల అదే సంస్థలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను తాను విచారింపదు. వినియోగదారుల జాతీయ సహాయ నంబరు 1915. ఆ డాకెట్ నంబరు లేకుండ ఎక్కడికి వెళ్లినను మన మాటకు బలము ఉండదు.

6. ఇంటిలో అమర్చుకొనుట

రౌటరును బీరువా వెనుక, టీవీ క్రింద దాచవద్దు. ఇంటి మధ్య, తల ఎత్తున, తెరచిన చోట ఉంచండి. రౌటరు రెండు విధముల తరంగములు ఇచ్చును. 2.4 గిగాహెర్ట్‌జ్ దూరము పోవును, గోడలను దాటును, కాని నెమ్మది. 5 గిగాహెర్ట్‌జ్ వేగము, కాని గోడ అడ్డు వచ్చిన నీరసించును. పాత రాతి గోడల ఇండ్లలో ప్రక్క గదిలోనే నెట్ అందకపోవుటకు ఇదే కారణము. కంపెనీ తప్పు కాదు. వేగము కొలుచునప్పుడు రౌటరు ప్రక్కన నిలిచి కొలువండి.

ఫైబరు పెట్టె మీద లాస్ అను దీపము ఎర్రగా వెలిగిన వెలుగు ఇంటికి చేరుట లేదని అర్థము. తీగ ఎక్కడో తెగినది లేక బాగుగా మడతపడినది. పెట్టెను పది మార్లు ఆపి వేయుట వలన ప్రయోజనము లేదు, ఫిర్యాదు చేయండి. గాజు తీగను గట్టిగా మడువవద్దు, దాని చివరను కంటి దగ్గర పెట్టి చూడనేకూడదు. ఆ వెలుగు కంటికి కనబడదు గాని హాని చేయగలదు.

7. కావలి

పాస్‌వర్డు లేని వైఫై తాళము లేని ఇల్లు. 2008 జూలైలో అహమదాబాదు పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిలు నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై గుండా పంపబడినదని విచారణలో తేలినది. ఆ ఇంటివారికి ఏమియు తెలియదు, అయినను పోలీసు విచారణను ఎదుర్కొనవలసి వచ్చినది. గనుక పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మొదటి దినముననే మార్చండి. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు పెట్టవద్దు. అతిథుల కొరకు వేరొక వైఫై పేరు పెట్టు ఏర్పాటు చాలా రౌటరులలో ఉన్నది.

"మీ కనెక్షను గంటలో కట్ అగును, ఈ యాప్ వేసికొనండి, ఓటీపీ చెప్పండి" అని వచ్చు ఫోనులను నమ్మవద్దు. ఒంటరిగా ఉండు పెద్దలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చెప్పిన అంత మేలు.

పిల్లల విషయములో, తెర హాలులో ఉండుట అన్నిటికంటె మంచి కావలి. రాత్రి ఒక వేళ తరువాత రౌటరు ఆగునట్లు చేయవచ్చును. ఆ నియమము తలిదండ్రులకు కూడ వర్తింపజేసిన ఇంటిలోనే అది నిలుచును.

8. సంఘములకు ఒక మాట

ప్రతి ఇల్లు నెలకు 590 రూపాయలు పెట్టలేదు. ఆ ఇండ్ల పిల్లల సంగతి ఏమి? ఆరాధన మందిరము వారములో ఆరు దినములు ఎక్కువ సేపు ఖాళీగానే ఉండును. అక్కడ ఒక ఫైబరు కనెక్షను, నాలుగు బల్లలు, సాయంత్రము 5 నుండి 8 వరకు ఒక పెద్ద పర్యవేక్షణ ఉన్నయెడల పదిమంది పిల్లలు చదువుకొందురు. అదే కనెక్షనుపై శనివారము ఆంధ్రలోని ఒక ఉపాధ్యాయురాలు తెలుగు అక్షరములు నేర్పవచ్చును. తెలుగు మాట్లాడగలిగి చదువలేని మన పిల్లలకు బైబిలును, పాటల పుస్తకమును తామే తెరచి చదువుకొను భాగ్యము దాని వలన కలుగును. ఇది పోయిన తరువాత తిరిగి తెచ్చుకొనుట కష్టము.

మన కనెక్షనును ప్రక్క ఇండ్లకు తీగ లాగి డబ్బుకు అమ్ముట చట్టసమ్మతము కాదు. వీధివారికి ఇవ్వదలచినయెడల 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. వాణి పథకము ఉన్నది; దాని క్రింద చిన్న దుకాణము కూడ లైసెన్సు రుసుము లేకుండ పబ్లిక్ వైఫై నడుపవచ్చును.

ఒక హెచ్చరిక. ప్రసారము మంచానపడినవారికి, దూర ఊరిలో పనిచేయువారికి మేలు. నడిచి రాగలిగినవారు ఇంటనే కూర్చుండి చూచుటకు అది సాకు కాకూడదు. తెర మీద వాక్యము వినవచ్చును గాని ప్రక్కన కూర్చున్న విధవరాలి కన్నీరు తుడువలేము.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంటిలో ఏడాదికి రీచార్జిల మొత్తము ఎంత? 28 రోజుల లెక్కన చేసి చూడండి.
2. మీ ఇంటిలో డేటా చాలనప్పుడు ఎవరు మానుకొనుచున్నారు? ఎందుకు ఎప్పుడును వారే?
3. మీ వీధికి పై ఏడు దారులలో ఏవి వచ్చుచున్నవి? రాత్రి 9 గంటలకు వాటి పని ఎట్లున్నది?
4. మీ సంఘములో కనెక్షను లేని పిల్లలు ఎందరు? మందిరములో బల్ల వేయుటకు ఏమి అడ్డము?

ఈ పాఠమును స్త్రీల సమాజములోను, యవ్వనస్థుల కూటములోను కలిసి చదువుకొని, మూడవ, నాలుగవ ప్రశ్నలకు మీ జవాబులను సంఘ కార్యదర్శికి వ్రాసి ఇవ్వండి. మీ మంద స్థితి ఏదో ఎరిగియుండుడని సామెతలు నేర్పుచున్నది గదా. లెక్క తెలిసినప్పుడే సహాయము సరియైన ఇంటికి చేరును. ప్రభువు మన పిల్లలకు జ్ఞానమును, మన పెద్దలకు వివేకమును అనుగ్రహించును గాక.